తాడు మీద మిగిలిన క్లిప్పు

రిసెప్షన్ వెనక గోడకు బట్టలారేసే తాడు కట్టి ఉంది. తాడుకు ఒకే ఒక్క క్లిప్పు, దానికో చీటీ.

"ఇదేంటి డాక్టరుగారూ, క్లినిక్కా, పెరడా?" అన్నాను.

డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. క్లినిక్కులు తనిఖీ చేసి లైసెన్సు ఉంచాలో తీసేయాలో రాయడం నా ఉద్యోగం. వెనకాల నన్ను కత్తెర అంటారని నాకు తెలుసు. పొద్దున్నించీ టీకాల ఫ్రిజ్, మందుల గడువు తేదీలు, చేతులు కడిగే సింకు అన్నీ గాలించాను. పట్టుకోవడానికి ఏదీ దొరకలేదు. ఇప్పుడు దొరికింది.

"అది పిన్ని పద్ధతి సార్. రక్తం తీయగానే క్లిప్పు పెడుతుంది. ఫలితం రోగి చెవిన పడ్డాకే తీస్తుంది."

పిన్ని అంటే రిసెప్షనిస్టు. వచ్చినవాళ్లందరికీ పిన్నే. చెవి దగ్గర ఫోను పెట్టుకుని, నా వంక చూడకుండానే ఆగమన్నట్టు చెయ్యెత్తింది.

నేను కుర్చీ లాక్కుని కూర్చుని కంప్యూటర్లో ఆ చీటీ నంబరు కొట్టాను. '10.12. రోగికి మెసేజ్ పంపాం. పూర్తి.'

"పూర్తయిందిగా అమ్మా. ఇంకా ఈ క్లిప్పెందుకు?"

"మెసేజ్ వెళ్లింది సార్. మనిషికి అందలేదు. బస్సు డ్రైవరు. బండెక్కితే ఫోను ఆపేస్తాడు." పిన్ని డాక్టరమ్మ వైపు తిరిగింది. "మీకోసమే లేవబోతున్నానమ్మా. పొటాషియం ఏడు దాటింది."

డాక్టరమ్మ రెండో ఫోను అందుకుంది. "గుండె ఏ క్షణమైనా ఆగిపోవచ్చు సార్," అంది నంబరు నొక్కుతూ. "బస్సులో యాభై మంది ఉంటారు."

గోడ గడియారం పది ఇరవై చూపిస్తోంది.

పిన్ని స్పీకరు నొక్కి బస్సు డిపోకి కలిపింది. "బస్సు ఎక్కడుందో నాకెలా తెలుస్తుంది పిన్నీ?" అన్నాడు కంట్రోలరు.

"నీ కూతురికి ఎన్నింటికి జ్వరమొచ్చిందో నాకు తెలిసినప్పుడు, నీ బస్సు సంగతి నీకు తెలీదా? కాగితం చూడు."

కాగితాల చప్పుడు. "పది ఇరవై ఎనిమిదికి వంతెన దగ్గర స్టాండు. రెండు నిమిషాలే ఆగుతుంది."

పిన్ని వెంటనే ఇంకో నంబరు నొక్కింది. స్టాండులో టీ కొట్టాయన. క్లినిక్‌కి మోకాళ్ల నొప్పులతో వచ్చే మనిషట.

"పరుగెత్తు బాబాయ్. బస్సు కదలనివ్వకు."

"నా మోకాళ్లు..."

"వాటి సంగతి రేపు చూద్దాం!"

ఇరవై ఎనిమిది దాటింది. ముప్ఫై అయింది. డాక్టరమ్మ అంబులెన్సుకి దారి చెబుతోంది. ముప్ఫై ఒకటికి ఫోను మోగింది. పిన్ని మళ్లీ స్పీకరు నొక్కింది. అవతల డ్రైవరు.

"ఏంటి పిన్నీ ఇది? టీ కొట్టాయన బస్సుకి అడ్డంగా నిలబడ్డాడు. జనం తిడుతున్నారు. సాయంత్రం వస్తాలే."

"తాళం తీసి కండక్టరుకివ్వు."

"కాస్త నీరసం, అంతేగా..."

"ఇవ్వు నాన్నా."

తాళంచెవుల గలగల వినిపించింది. పిన్ని తొందరపడలేదు. రక్తంలో ఏం పెరిగిందో, గుండెనేం చేస్తుందో, ఇప్పుడెలా ఉండాలో పసివాడికి చెప్పినట్టు చెప్పింది. తర్వాత అడిగింది: "ఇప్పుడు నువ్వు చెప్పు. నీ మాటల్లో."

"రక్తంలో ఏదో పెరిగింది. గుండె... ఆగిపోవచ్చు. బండి ముట్టుకోకూడదు. టీ కొట్టు బల్ల మీద కదలకుండా ఉండాలి." ఒక్కో మాటకీ అతని గొంతు తగ్గుతూ వచ్చింది. "పిన్నీ, నువ్వు ఫోను పెట్టకు."

"పెట్టను."

నా ఫారంలో 'రోగికి తెలియజేశారా' అనే గడి ఉంది. ఇరవై రెండేళ్లుగా దానికి టిక్కులు కొడుతున్నాను. రోగి విన్నాడా అనే గడి లేదు. అది లేదని ఆ రోజు వరకూ నాకు తట్టనేలేదు.

పిన్ని అతనితో మాట్లాడుతూనే ఉంది. తొమ్మిది నిమిషాలకు ఫోనులో సైరన్ వినిపించింది. తలుపుల చప్పుడు, ఎవరో కొత్త గొంతు: "ఎక్కించామండీ. గుండె లయ తప్పుతోంది. ఇంజెక్షన్ ఇచ్చాం, ఇప్పుడు కాస్త కుదుటపడుతోంది. ఇంకో పావుగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లం."

పిన్ని కళ్లజోడు తీసి తుడుచుకుంది. అప్పుడు నా వైపు చూసింది.

"అలా నిలబడ్డారేంటి సార్? కూర్చోండి."

నేనెప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలీదు.