ఒక్కరే ఎక్కాలట!

లాసె కేకు పట్టుకొచ్చాడంటే లెమ్‌విగ్ ఊరి షెడ్డులో అందరి గుండెల్లో రాయి పడేది. కరెంటు పుట్టించే గాలిమరలు బాగుచేసే రెండు కంపెనీలు కలిసి ఒకటయ్యాక వచ్చిన ఈ కొత్త మేనేజరు, పాపం, ఏ చెడ్డ కబురూ ఉత్త చేతులతో తేలేదు. విడిభాగాల గది మూసేసినప్పుడు చాక్లెట్ కేకు. ఇంటికి తీసుకెళ్ళే వ్యాన్లు లాక్కున్నప్పుడు స్ట్రాబెర్రీ కేకు. ఈసారి బాదం ముద్ద పూసి, చిట్టి జెండాలు గుచ్చి మరీ తెచ్చాడు. అది చూడగానే టెక్నీషియన్ కెల్డ్ చేతిలో పని పక్కన పెట్టాడు.

"ఇకమీదట గాలిమర మీదికి ఒక్కరే ఎక్కుతారు. రెండోవాళ్ళ పని కెమెరా చూసుకుంటుంది," అన్నాడు లాసె నవ్వుతూ.

కెల్డ్ తనతో జోడీగా మరలెక్కే బోడిల్ వైపు చూశాడు. కిందటి చలికాలం అంత ఎత్తున చెయ్యి యంత్రంలో నలిగి అతను స్పృహ తప్పితే, తాడు కట్టి దింపింది ఆవిడే. లేకపోతే అతని భార్య ఈపాటికి సమాధి మీద పూలు పెడుతూ ఉండేది.

"నేను పైన పడిపోతే నీ కెమెరా ఏం చేస్తుంది బాబూ?" అన్నాడు కెల్డ్.

"వెంటనే కబురు పెడుతుంది!"

"ఎవరికి?"

"దగ్గర్లో ఉన్న టెక్నీషియన్‌కి."

"అంటే గంటన్నర దూరంలో ఇంకో మర మీదున్న నాకు," అంది బోడిల్. "బాగుంది సంబడం! నేనొచ్చేసరికి నీ కేకులు తినడానికి మనిషి మిగలడు."

లాసెకి ఇలాంటివి ఒంటికి అంటవు. "అన్నీ పాతకాలపు భయాలు! నేనే ఎక్కి చూపిస్తా, ఫొటో తియ్యండి. 'మనమంతా ఒకే కుటుంబం' అని కంపెనీ పత్రికలో వేద్దాం."

ఎక్కాడు మహానుభావుడు! లోపలి నిచ్చెన మీద సగం దాకా హుషారుగానే పోయాడు. అక్కడ కిందికి చూశాడు, అంతే, కాళ్ళు బిగుసుకుపోయాయి. నిచ్చెనని కావలించుకుని "కెల్డ్! కెల్డ్!" అని ఒకటే గావుకేకలు.

"కెమెరాని పిలవవయ్యా!" అని అరిచింది బోడిల్.

కెల్డ్‌కీ నవ్వొచ్చింది. కానీ ప్రాణభయం ఎలా ఉంటుందో ఎరిగినవాడు. పైకెక్కి, ఒక్కో కాలూ పట్టి మెట్టు మీద పెట్టిస్తూ దింపాడు. "ఒక్కరే ఎక్కకూడదు, ఇప్పుడు తెలిసింది," అంటూ లాసె అతని భుజం మీద పడి ఏడ్చాడు. ఇక గండం గడిచిందనుకున్నాడు కెల్డ్, పిచ్చి మాలోకం!

మర్నాడు గోడ మీద కొత్త నిబంధన అంటించి ఉంది: "మేనేజర్లు గాలిమర ఎక్కేటప్పుడు ఇద్దరు టెక్నీషియన్లు విధిగా వెంట ఉండాలి. టెక్నీషియన్లు శిక్షణ పొందినవారు గనక ఒక్కరే ఎక్కవచ్చు."

కెల్డ్ రెండుసార్లు చదివాడు. నడుముకున్న రక్షణ పట్టీలు విప్పి లాసె బల్ల మీద పడేశాడు. బోడిల్ తనవీ వాటి మీద విసిరింది. మిగతావాళ్ళు వెనకే వరసకట్టారు.

"ఏంటిదంతా?" అన్నాడు లాసె బిత్తరపోయి.

"నా పెళ్ళానికి నేను కావాలి," అన్నాడు కెల్డ్. "ఇద్దర్ని ఎక్కనిస్తావా, ఇవి ఇప్పుడే తీసుకుంటాం. కాదంటావా, నీ మరలు నువ్వే ఎక్కి బాగుచేసుకో."