సంతకు రాని మామిడి

ఫోన్ తీయడం, చూడడం, మళ్లీ సంచిలో వేసుకోవడం. పాల్వంచలో బస్సెక్కినప్పటి నుంచి అరుణశ్రీకి ఇదే పని. తెర మీద ఆమె పేరు, దాని కింద ఆమె పరిశోధనా పత్రాలు, ఒక్కోదాని పక్కన ఎంతమంది పండితులు తమ రాతల్లో దాన్ని ఉదహరించారో ఆ అంకె. నాచు మీద ఏళ్ల తరబడి రాసినవాటికి సున్నాలు, ఒకట్లు. మామిడి మీద రాసినదానికి మాత్రం నూట ముప్పై ఆరు.

ఎండలు ముదిరి గోదావరి ఒడ్డు అడవి ఊళ్లలో మామిడి కాపు ఆలస్యమైందని అందులో రాసింది. ఆమె శాఖ అయిన వృక్షశాస్త్రం వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. వాతావరణం వాళ్లు, పోషకాహారం వాళ్లు, ఆర్థికశాస్త్రం వాళ్లు ఎగబడి వాడుకున్నారు. ఏటా రెన్యువల్ కోసం ఎదురుచూసే కాంట్రాక్టు లెక్చరర్‌కు సోమవారం యూనివర్సిటీలో పర్మనెంటు పోస్టు ఇంటర్వ్యూ దొరికిందంటే ఆ అంకె చలవే. బొగ్గు గనిలో పనిచేసే తండ్రి ఎల్లస్వామి ఆ సంగతి షిఫ్టులో అందరికీ చెప్పేశాడు.

ఇంటర్వ్యూలో చూపించడానికి మామిడి చెట్ల కొత్త ఫోటోలు కావాలి. అందుకే పర్ణశాల అవతల, పాత విద్యార్థిని సరళ ఊరికి వచ్చింది. సరళ ఇప్పుడు అక్కడి బడిలోనే టీచరు.

చెట్లు విరగకాసి ఉన్నాయి. కింద రాలిన కాయలను ఎవరూ ఏరలేదు.

"ఏంది సరళా, ఇన్ని కాయలున్నయ్. సంతల ఒక్కటి గూడ కనవడలే?"

"పండుగ కాలే గదా మేడం. కొత్త మామిడి దేవతకు పెట్టినంకనే మేం ముట్టేది. అమ్ముడు గూడ అప్పుడే."

"ఏటా ఒకటే దినమా?"

"ఏ, కాదు. పెద్దలు కూసొని పెడ్తరు. మీరు సర్వేకొచ్చిన ఏడు మా పెద్దాయన కాలం చేసిండు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికి ఆయనే దినం పెట్టేటోడు. పండుగ ఆలస్యమైంది. మా ఇంట్ల అన్నం తినుకుంట, మామిడి పచ్చడి లేదా అని నన్ను ఆటపట్టిచ్చిన్రు, యాది లేదా?"

యాదికి వచ్చింది. నవ్వు మాత్రం రాలేదు. అప్పుడామె వచ్చింది సంత రోజుల్లోనే. సంతకు కాయ ఎప్పుడొచ్చిందో రాసుకుని, సాయంత్రం బస్సుకు తిరిగిపోయేది. తలెత్తి చెట్టును చూసిన గుర్తు లేదు.

తిరుగు బస్సులో ఉబేద్‌కు ఫోన్ చేసింది. ఆ పత్రంలో లెక్కలు కట్టినవాడు అతనే, రెండో పేరు అతనిదే.

"లెక్క తప్పిందా?" ఉబేద్ గొంతు గాబరాగా పలికింది.

"లెక్క సరిగనే ఉంది భాయ్. తేదీలే చెట్టుయి గావు, పండుగయి. తప్పయిందని, దాన్ని అచ్చేసిన పత్రిక ఎడిటర్‌కు రాస్తున్న."

"సోమవారం దాక ఆగరాదూ. మంగళవారం ఇద్దరం కలిసి పంపుదాం."

"మంగళవారం పంపితే దిద్దుకున్నట్టు గాదు, దాసిపెట్టినట్టు."

"నా ప్రమోషన్ గూడ దాని మీదనే ఉంది, అరుణా."

ఆమె ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. కిటికీలోంచి దుమ్ము కొట్టింది.

"సరే తీయ్," అన్నాడు ఉబేద్. "నా పేరు గూడ పెట్టి పంపు. నువ్వొక్కదానివే మంచిదానివి గాకు."

మెయిల్ రాసింది. అప్పటికే బస్సు అడవిలోకి రావడంతో సిగ్నల్ పోయింది. పంపడం, అది పోకపోవడం, మళ్లీ నొక్కడం. భద్రాచలం వంతెన మీదికి వచ్చాక గానీ పోలేదు.

సోమవారం పెద్ద ప్రొఫెసర్ ఆ పత్రాన్నే మెచ్చుకోబోయాడు. "అది తప్పు సార్," అంటూ ఆమె సవరణ కాగితం అందించింది. ఆయన చదివి, పక్కాయనకు ఇచ్చాడు. నాచు గురించి రెండు ప్రశ్నలు అడిగారు, మర్యాదకు. పోస్టు ఇంకొకరికి పోయింది.

సవరణ అచ్చయింది. అయినా అంకె పెరుగుతూనే ఉంది. ఉదహరించేవాళ్లు పత్రం పేరు చూస్తున్నారు, సవరణ దాకా పోవడం లేదు. కొత్తగా ఎవరు వాడుకున్నా అరుణశ్రీ వెతికి ఉత్తరం రాస్తోంది. కొందరు జవాబిస్తున్నారు.

ఓ పొద్దున ఆమె అట్లా రాస్తుంటే ఎల్లస్వామి డ్యూటీకి పోతూ గడపలో ఆగాడు.

"బిడ్డా, నీ మామిడి పేపర్ ఇంక చదువుతున్రా మంది?"

"అవ్ నాయినా. ఆపుదామంటే ఆగుతలేరు."