ఏరు దాటిన పొగగొట్టం

నేను ఒక పొగగొట్టాన్ని. ఇనప రేకులు చుట్టలు చుట్టి, అతికించి, అట్టల మిల్లు బాయిలరు మీద నన్ను నిలబెట్టారు. కింద బొగ్గు మండేది. పొగ నా నోట్లోంచి ఊరి మీద పడేది.

మిల్లు పక్క ఇల్లు సన్యాసయ్యది. ఆయన భార్య పైడితల్లికి ఉబ్బసం. ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతుక్కునేది, మంచం మీద కూర్చుని దగ్గేది. నన్ను తీయించమని సన్యాసయ్య ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. చివరికి ఆ రాష్ట్రంలో బొగ్గు బాయిలర్లు ఉండకూడదని చట్టం వచ్చింది.

నన్ను దించిన రోజు పైడితల్లి వాకిట్లోకి వచ్చి చూసింది.

"పీడ పోనాది మావా."

"ఇంకేటి, పాటలు కూడా పాడతావు."

"నాను పాడితే నువ్వు ఊరొదిలి పారిపోతావు."

నవ్వబోయి దగ్గింది.

పీడ ఎక్కడికీ పోలేదు. మిల్లు యజమాని నన్ను లారీలో వేసి వంతెన దాటించాడు. ఏటికి అవతల వేరే రాష్ట్రం. అక్కడ ఆ చట్టం లేదు. పైగా కొత్త మిల్లుకు స్థలం ఇచ్చారు, కరెంటు చవగ్గా ఇచ్చారు. గట్టు మీద మళ్ళీ నిలబడ్డాను. పొగ తగ్గించానని ఒక మంత్రి దండ వేయించుకున్నాడు. పరిశ్రమ తెచ్చానని ఇంకో మంత్రి వేయించుకున్నాడు. దేశం మొత్తం మీద పిడికెడు పొగ తగ్గలేదు. పడమటి గాలికి నా పొగ ఏరు దాటి పాత ఇంటి మీదే పడింది.

సన్యాసయ్య అర్జీ పట్టుకుని ఏరు దాటి, నేనున్న వైపు ఆఫీసుకు వచ్చాడు.

"నీ ఓటెక్కడ తాతా?" అన్నాడు గుమస్తా.

"అవతల బాబూ."

"అయితే అక్కడే చెప్పుకో."

అక్కడ చెప్పుకుంటే, మన రాష్ట్రంలో అలాంటి గొట్టమే లేదు పొమ్మన్నారు. నిజమే, లేదు.

ఆ చలికాలం పైడితల్లి పోయింది. పాడె ఏటి ఒడ్డుకు వచ్చినప్పుడూ నేను పొగ కక్కుతూనే ఉన్నాను. ఆపడం నా చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉందో వాళ్ళు ఆపలేదు.

తర్వాత ఇక్కడా అదే చట్టం వచ్చింది. బాయిలరు చల్లారింది. కూలీలు వెళ్ళిపోయారు. పలకరించే దిక్కు లేక తుప్పు పట్టాను. ఇవాళ లారీ వచ్చి నన్ను ఎక్కించుకుంది. ఎవరు చెప్పారో, సన్యాసయ్యా వచ్చాడు.

"ఎక్కడికి బాబూ?"

"ఇంకో రాష్ట్రానికి తాతా. అక్కడింకా అడ్డు లేదు."

"పక్కన ఇళ్ళున్నాయేటి?"

"ఇళ్ళు లేని చోటెక్కడుంది? జరుగు, జరుగు."

ఆయన జరగలేదు. లారీ ముందు రోడ్డు మీద కూలబడ్డాడు. నన్ను పంపించెయ్యమని అన్నేళ్ళు తిరిగిన మనిషి, నన్ను పోనివ్వనని కూర్చున్నాడు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఊళ్ళోంచి ఇంకెవరూ రాలేదు.