ఇనుప కెప్టెన్ ముఖం

స్టూడియోలో అతన్ని అందరూ డబ్బా అనే పిలిచేవారు. పదేళ్లుగా వారం వారం వచ్చే అంతరిక్షం సీరియల్లో ఇనుప కెప్టెన్ అతనే. అతనే అంటే, ఆ వేషం లోపల ఉక్కపోతకు ఉడికే మనిషి. గొంతు ఇంకొకరిది. తలకు హెల్మెట్ పెట్టి, వెనక నాలుగు స్క్రూలు బిగించేవారు. నోటి దగ్గర సందులోంచి తప్ప ఏమీ కనపడదు కాబట్టి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచేవాడు. ఆ నడక చూసి వీధుల్లో పిల్లలంతా అలాగే నడిచేవారు. వాళ్ల మధ్య నుంచి కూరగాయల సంచీతో వెళ్లే అతన్ని మాత్రం ఒక్కరూ తలెత్తి చూసిన పాపాన పోలేదు.

ఐదొందలవ ఎపిసోడ్‌లో కెప్టెన్ హెల్మెట్ తీస్తాడని, అప్పుడు నీ ముఖమే చూపిస్తానని దర్శకుడు మూడేళ్ల కిందట మాటిచ్చాడు. డబ్బా ఆ మాట పట్టుకుని వేలాడాడు. నడుం పట్టేసినా, ఒళ్లు కాలిపోతున్నా ఒక్కరోజు మానలేదు. వెర్రిబాగులవాడు!

తీరా షూటింగు రోజున పేరున్న హీరో ఒకడు దిగాడు. ఆ వేషంలో రెండడుగులు వేసి బొక్కబోర్లా పడ్డాడు. అందుకని నడక మొత్తం డబ్బా చేత నడిపించి, హెల్మెట్ తీసే షాటు మాత్రం స్క్రూలు ముందే ఊడదీసి ఇద్దరి మీదా తీశారు.

"ఏది వేస్తారు సార్?" అని అడిగాడు డబ్బా.

"ఎడిటింగ్‌లో చూద్దాంలే. ముందు నువ్వెళ్లి కాస్త నడుం వాల్చు," అన్నాడు దర్శకుడు ఎటో చూస్తూ.

అప్పుడే అర్థం కావాలి. ఆశపడ్డవాడికి అర్థమవుతుందా? రెండు షాట్ల సంగతి మింగేసి, తన ముఖమే వస్తుందని ఇంట్లో చెప్పేశాడు. భార్య చుట్టాలందరికీ ఫోన్లు చేసింది.

ఆదివారం సాయంత్రం ముందుగది కిక్కిరిసింది. టీవీకి మూరెడు దూరంలో డబ్బా వాళ్లమ్మకు కుర్చీ వేశారు. తెర మీద కెప్టెన్ నడిచొచ్చాడు.

"అది మా బావ నడక!" అని బావమరిది ఈల వేశాడు.

కెప్టెన్ ఆగాడు. రెండు చేతులూ హెల్మెట్ మీద వేసి పైకెత్తాడు. కింద హీరో ముఖం.

డబ్బాకి తల కొట్టేసినట్టయింది. దర్శకుడి కాలర్ పట్టుకుని నాలుగు తగిలించాలనిపించింది, అంతకన్నా ఎక్కువగా ఏడవాలనిపించింది. భార్య అతని వైపు చూడలేక చీర కొంగు సర్దుకుంటూ కూర్చుంది.

ఇంతలో అమ్మ చప్పట్లు కొట్టింది. శుక్లాలు ముదిరిన ఆవిడ కళ్లకి అంత దగ్గరున్నా అంతా మసకే.

"అదిగో, నా కొడుకు! అచ్చం వాళ్ల నాన్న పోలికే!"

"అది కాదత్తయ్యా..." అనబోయాడు బావమరిది. డబ్బా చెయ్యి చూపించి ఆపాడు.

"అవునమ్మా, నేనే," అన్నాడు.

"ఇంత చక్కటి ముఖాన్ని పదేళ్లు ముసుగేసి దాచారా, దుర్మార్గులు!" అంటూ ఆవిడ కళ్లు తుడుచుకుంది. కొడుకు పక్కకొచ్చి నిలబడ్డా, తెర మీది నుంచి చూపు తిప్పలేదు.