ముందు పలక

బుల్లికి ముప్ఫై ఆరేళ్ళు. ఆ ముద్దుపేరు పెట్టింది అన్నయ్య. పేరు నిలిచిపోయింది గాని, పిలిచేవాడు మూడేళ్ళ కిందట కంప్యూటరు భాగాలు బిగించే డబ్బాలు, అంటే కేసులు, తయారుచేసే కంపెనీలో ఉద్యోగం దొరికి వేరే ఊరు వెళ్ళిపోయాడు. అంతకుముందు పదేళ్ళపాటు అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, మార్కెట్లోకి వచ్చిన ప్రతి కేసునూ విప్పి, బిగించి, ఏది కొనదగిందో ఏది దండగో ఒక వెబ్‌సైటుకు రాసేవాళ్ళు. అతను బిగించేవాడు, ఆమె కొలిచేది. ఇప్పుడు రెండు పనులూ ఆమెవే.

"ఎన్నాళ్ళని ఇంకొకళ్ళు చేసినవాటికి వంకలు పెడతాం? ఒకటి నేనే చేస్తాను" అని వెళ్ళాడతను. తప్పు మాటేం కాదు. కానీ "పెడతాం" అన్న నోటితోనే "చేస్తాను" అనడం ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. మొదట్లో రోజూ ఫోను చేసేవాడు. తర్వాత వారానికోసారి. ఆ తర్వాత పుట్టినరోజుకు. మధ్యలో తగువేమీ కాలేదు. తగువైనా అయ్యుంటే బాగుండేది, సర్దుకోవడానికంటూ ఏదో ఒకటి ఉండేది.

ఆ సోమవారం వచ్చిన అట్టపెట్టె మీద అన్నయ్య కంపెనీ పేరుంది. గేములు ఆడే కుర్రకారు కోసం తక్కువ ధరలో చేసిన కేసు. ఆమె వెంటనే ఎడిటరుకు ఫోను చేసింది.

"సార్, ఇది మా అన్నయ్య పనిచేసే కంపెనీది. ఇంకెవరికైనా ఇవ్వండి."

"ఇంకెవరున్నారమ్మా? ఆ ముక్క మొదటి వాక్యంలోనే రాసెయ్. మిగతాది ఉన్నది ఉన్నట్టు రాయి. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు."

సరేనని పెట్టె విప్పింది. రేకు పల్చనే. ఆ ధరకు అంతకన్నా మందం ఎవరూ ఇవ్వరు. కానీ అంచులన్నీ లోపలికి మడిచి ఉన్నాయి. చవక కేసుల్లో చెయ్యి పెడితే వేలు తెగకుండా బయటికి రాదు. అన్నయ్య వేళ్ళకు ఎప్పుడూ ఏదో ఒక ప్లాస్టరు ఉండేది. వెనకవైపు తలుపు తీసి చూసింది. వైర్లు కట్టుకునే కొక్కేలు మామూలుగా ఉండేచోటు కంటే రెండంగుళాలు కిందికి ఉన్నాయి. తనవంటి పొట్టి వేళ్ళకు కూడా అందేలా. ఆమె అక్కడ చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు బిగించింది. కేసు పక్కనుండే అద్దాన్ని మోకాలితో ఆనించి పట్టుకుని స్క్రూలు తిప్పింది. ఫ్యాన్ల చప్పుడు కొలవడానికి కిటికీలు మూసి, ఫ్రిజ్ ప్లగ్గు పీకింది. ఒకప్పుడు ఈ పరీక్ష నాలుగైదుసార్లు చెయ్యాల్సి వచ్చేది. ఊపిరి బిగబట్టి కూర్చున్న అన్నయ్య మొహం ఎర్రబడి ఫక్కున నవ్వేవాడు, కొలత కాస్తా పాడయ్యేది. ఇప్పుడు మొదటిసారికే సరిగ్గా వస్తోంది. పనులన్నీ తొందరగా అయిపోతున్నాయి, అదే ఆమెకొచ్చిన చిక్కు.

తర్వాత వేడి పరీక్ష. ఓ గంట గేము నడిపితే గ్రాఫిక్స్ కార్డు ఎనభై నాలుగు డిగ్రీలకు ఎక్కింది. ఈ ధరలో మిగతా కేసులు డెబ్భై అయిదు దాటలేదు. తన పొరపాటేనేమో అనుకుంది, పొరపాటైతే బాగుండునని కూడా అనుకుంది. మర్నాడు మళ్ళీ చేసింది, ఆ మర్నాడు మళ్ళీ. అదే ఎనభై నాలుగు. కేసు ముందు పలక ఊడదీసి నడిపితే డెబ్భై రెండుకు దిగొచ్చింది. నల్లగా నిగనిగలాడే ఆ పలకకు అంచుల్లో వేలెడు సందు తప్ప గాలి పోయే దారి లేదు. ముక్కుకు గుడ్డ కట్టి పరిగెత్తమన్నట్టుంది.

శనివారం మధ్యాహ్నం అన్నయ్యకు తనే ఫోను చేసింది.

"బుల్లీ! ఏంటి, అంతా బాగేనా?" గొంతులో కంగారు.

"బాగానే ఉన్నాను. మీ కేసు నా దగ్గరికొచ్చింది."

"ఓహో. ముందు పలకేగా?"

"ఎనభై నాలుగు."

"జల్లెడలాంటి పలక పెడదామని ఆరు నెలలు మొత్తుకున్నాను. షాపులో మెరవాలన్నారు, ఏం చేస్తాం. ఎంత వేశావు?"

"పదికి ఆరు."

"నేనైతే అయిదే వేసేవాణ్ణి."

ఆమె నవ్వింది. నవ్వాక తన గొంతు తనకే కొత్తగా అనిపించింది.

"కొక్కేలు చూశావా?" అన్నాడతను.

"చూశాను. అందాయి."

"అంత కిందికెందుకని అందరూ అడిగారు. ఏం చెప్పను వాళ్ళకి? ఉండుండు... ఎవరో పిలుస్తున్నారు. మళ్ళీ చేస్తాను."

చెయ్యలేదు. మంగళవారం సమీక్ష వచ్చింది. ఆరు మార్కులూ, ఎనభై నాలుగు డిగ్రీలూ, కొక్కేల గురించి ఒక వాక్యం. చదివినవాళ్ళు కంపెనీని ఏకిపారేశారు. ఆమె ఫోను పక్కనే పెట్టుకుని నెల రోజులు తిరిగింది.

ఒకరోజు పొద్దున చిన్న పార్సిలొచ్చింది. లోపల సన్నసన్న చిల్లుల కొత్త పలక. ఉత్తరం లేదు. ఆమె ఫోను చేసింది.

"అందిందా?" అన్నాడు. "వచ్చే నెల నుంచి అన్నిటికీ అదే వేస్తున్నారు."

"మరి నిన్నేమైనా అన్నారా?"

"అనలేదు. కేసుల నుంచి కీబోర్డుల విభాగానికి మార్చారు."

"నా వల్లేనా అన్నయ్యా?"

"వేడి వల్ల. నువ్వు కొలిచావు, అంతేగా."

"ఓసారి వచ్చి వెళ్ళకూడదూ?"

"చూస్తాను."

ఆ "చూస్తాను" సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా ఎవరూ ఫోను పెట్టెయ్యలేదు. ఆమె స్పీకరు నొక్కి ఫోను బల్ల మీద పెట్టి అదే కేసుకు కొత్త పలక బిగించడం మొదలుపెట్టింది. అటునుంచి అతను కీబోర్డు మీటలు ఒక్కొక్కటే నొక్కి చూస్తున్న టకటక వినిపించింది. ఇరవై నిమిషాలు అలాగే గడిచాయి.

"ఉంటాను మరి, బుల్లీ."

"సరే అన్నయ్యా."

గంట తర్వాత కొలత డెబ్భై నాలుగు వచ్చింది. ఆ అంకె ఒక్కటే అతనికి మెసేజి పెట్టింది. సాయంత్రం దాకా జవాబు రాలేదు. ఆమె మార్కు ఏడున్నరకు మార్చి, కేసును విప్పి, స్క్రూలన్నీ ఏరి డబ్బాలో వేసింది. మర్నాడు వేరే కంపెనీ పెట్టె వచ్చింది. సంతకం పెట్టి తీసుకుని, రెండు చేతులా ఎత్తి బల్ల మీదికి చేర్చింది.