శుభ్రంగా రాసిన ప్లాను

రోబోల క్లాసు చెప్పే టీచరమ్మది ఒకటే పట్టు. ప్లాను కాగితం మీదికి ఎక్కేదాకా ఎవరూ స్క్రూడ్రైవరు ముట్టుకోకూడదు. తప్పు రాస్తే చింపకూడదు, చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, ఎందుకు తప్పో పక్కన రాయాలి. పిల్లలు ఆవిడ వెనక మూతులు తిప్పుకున్నారు గానీ, ఒక ఆడపిల్లకు మాత్రం ఆ అలవాటు ఎంతగా ఒంటబట్టిందంటే, బడంతా దాన్ని గీతలక్క అని పిలిచేది.

గీతలక్క ప్లాను వేసింది పుస్తకాలు మోసే బండికి. లైబ్రరీ గడప రెండంగుళాల ఎత్తు. చిన్న చక్రాలు గడప ఎక్కలేదు, ఒక గీత. పెద్దవి వేస్తే బండి వెల్లకిలా పడింది, ఇంకో గీత. బ్యాటరీని ముందుకు జరిపాక, తొమ్మిదో వారంలో, గడపెక్కి దిగింది. రోబోల పోటీలో ప్లాను రాసిన నోటుబుక్కుకే నలభై మార్కులు. ఆ నలభయ్యీ ఈ పిల్లకే రావాలని టీచరమ్మ ఆశ.

పోటీ ముందురోజు హెడ్‌మాస్టరు ఆ పుస్తకం తిరగేశాడు.

"ఏంటమ్మా ఇది, కోడి కెలికినట్టు? పదిమందిలోకి వెళ్తూ అతుకుల బట్ట కట్టుకుంటామా? శుభ్రంగా తిరగరాయించండి."

"ఆ కొట్టివేతలే సార్ అసలు పని."

"వచ్చే ఏడాదికి మీ ఉద్యోగం పొడిగించే కాగితం నా బల్ల మీదే ఉంది. అందులో కొట్టివేతలు లేకపోతేనే మీకు మంచిది."

ఇల్లంతా ఆ జీతం మీదే నడుస్తోంది. టీచరమ్మ కొత్త పుస్తకం తెచ్చి పిల్ల ముందు పెట్టింది.

"గీతలు కూడా ఎక్కించాలా మేడమ్?"

"వద్దమ్మా."

పిల్ల ఆవిడ మొహంలోకి ఒకసారి చూసి, తలవంచుకుని రాసింది.

మర్నాడు జడ్జి పేజీలు తిప్పి నవ్వాడు. "ఒక్క తప్పయినా లేకుండా బండి ఎవరికీ రాదు పాపా. చేసేశాక రాశారు కదూ?"

పిల్ల టీచరమ్మ వైపు చూసింది. పాత పుస్తకం బడిలో ఉందని ఆవిడ ఒక్క మాట అంటే చాలు. కానీ హెడ్‌మాస్టరు పక్కనే ఉన్నాడు. ఆవిడ బండి మీది పుస్తకాలు సర్దడం మొదలెట్టింది.

"నిన్న రాశాను సార్," అంది పిల్ల.

నలభైకి సున్నా.

తిరుగు బస్సులో టీచరమ్మ దాని పక్కన కూర్చుంది. "నీ తప్పేం లేదమ్మా."

"తెలుసు మేడమ్." పిల్ల కిటికీలోంచి చూపు తిప్పలేదు. "వచ్చే ఏడు బండి చేసేశాకే రాస్తాను. నమ్మేలాగా నాలుగైదు తప్పులు కూడా పెడతాను."