కీమ్యాన్ విశ్వాసం కట్ట

మీటర్‌గేజి పట్టాలు పీకేసినాక దొనకొండ అవతలి రైలుకట్టే పల్లెకంతా దారయింది. పొలానికైనా, సమాధుల తోటకైనా దాని మీదే పోవాల. పోయిన నెల దాన్ని చదును చేసి, గేటు పెట్టి, ‘నడకకు, సైకిళ్ళకు మాత్రమే’ అని బోర్డు కట్టినారు.

ఆ గేటు దగ్గరే ఇప్పుడు లీదియా నాయన విశ్వాసం శవపెట్టె ఆగింది. వెనకొచ్చేవాళ్ళ పాటా ఆగింది.

“ఇది శవాలు పోయే దారి కాదమ్మా. రోడ్డు మీద చుట్టు తిరిగి పోండి,” అన్నాడు వాచ్‌మన్ గణపతి.

“బోర్డు చదువు మామా. నడిచేవాళ్ళకే గదా? మేం నడస్తానే ఉండాం.”

“మీరు నడస్తా ఉండారు. ఆయన నడవడంలే గదా!”

లీదియాకు ఒళ్ళు మండింది. సమాధిలో పెట్టాలని తెచ్చిన నాయన సుత్తి చేతిలోనే ఉంది. గేటు గొళ్ళెం మీద ఒక్కటేసింది.

“ముప్పయ్యేళ్ళు కీమ్యాన్‌గా ఈ కట్ట మీద నడిచినాడు మా నాయన. పోయేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండో పట్టా, సడలిన చోటల్లా ఈ సుత్తితోనే బిగించుకుంటా నడిచినాడు. మీ బోర్డుకు ఆ నడక లెక్కలోకి రాదా?”

రెండో దెబ్బకు గొళ్ళెం ఊడి పడింది. పెట్టె లోపలికి కదిలింది, పాట మళ్ళీ అందుకున్నారు. లీదియా గేటును బార్లా తెరిచి రాయి అడ్డం పెట్టింది.

“మూయబాక మామా. నాయన ఏ పొద్దూ సగం దారిలో డ్యూటీ దిగలేదు. ఈ పొద్దు ఆయన తిరుగు నడక మేం నడస్తాం.”